బహిరంగ విచారణయందు సొలిసిటరు పని: ఇంగ్లండు తపాలా లెక్కల ఉదంతము



సాయంకాలము సంఘపు తలుపు వేయు వేళ కార్యదర్శి పెట్టెలోని రొక్కమును లెక్కించి చిట్టాలోని నిలువతో సరిచూచును. రెండును సరిపోయినచో నిశ్చింతగా ఇల్లు చేరును. సరిపోనియెడల ఆ రాత్రి అతనికి నిద్రపట్టదు. చేతివ్రాత చిట్టాలున్న దినములలో పుటలు త్రిప్పి తప్పు వెదకుటకు వీలుండెను. ఇపుడు మన ప్రాథమిక సహకార పరపతి సంఘములలోనికిని కంప్యూటరు లెక్కలు వచ్చినవి. 63,000 సంఘములకు ఈ సదుపాయము కలుగజేయుటకై కేంద్ర ప్రభుత్వము 2022 జూన్ నెలలో 2,516 కోట్ల రూపాయల పథకమును ఆమోదించెను. ఇది మేలైన మార్పే. కాని యంత్రము సొమ్ము తక్కువయైనదని చూపగా, మనుష్యుడు తాను తీయలేదని చెప్పినచో, ఎవరి మాట చెల్లవలెను?

ఇంగ్లండు దేశమున ఈ ప్రశ్నకు తొందరపడి యంత్రము పక్షమున జవాబు చెప్పినందున వందలాది కుటుంబములు చితికిపోయినవి. పిమ్మట జరిగిన బహిరంగ విచారణలో సొలిసిటర్లనబడు న్యాయవాదులు కాగితము కాగితమునకు జోడించి నిజమును వెలికి తీసిరి. ఆ పని ఎట్లు సాగునో, దానినుండి సంఘసభ్యులమైన మనము నేర్వవలసినది ఏమో ఈ పాఠమున తెలిసికొందము.

1. ఉదంతము

బ్రిటను దేశపు పల్లెలలోను చిన్న పట్టణములలోను తపాలా కార్యాలయము చాలచోట్ల ఒక అంగడిలో భాగముగా నుండును. దానిని నడుపువారిని సబ్ పోస్టుమాస్టర్లందురు. వీరు తపాలా సంస్థకు ఉద్యోగులు కారు. ఒడంబడిక చేసికొని, తమ సొమ్ము పెట్టుబడి పెట్టి, తమ అంగడియందే ఆ పని నడుపువారు. 1999, 2000 సంవత్సరములలో ఈ కార్యాలయములలో హొరైజన్ అను కంప్యూటరు లెక్కల పద్ధతి ప్రవేశపెట్టబడెను. దానిని నిర్మించిన కంపెనీ జపాను దేశపు ఫ్యుజిట్సు సంస్థకు చెందినది.

అది మొదలు అనేక కార్యాలయములలో కారణము తెలియని లోటులు కనబడసాగినవి. పెట్టెలోని రొక్కము ఉండవలసినంత యున్నదని నడుపువాని నమ్మకము. వేల పౌనులు తక్కువయని యంత్రపు లెక్క. ఒడంబడిక ప్రకారము లోటును నీవే పూడ్చవలెనని సంస్థ పట్టుబట్టెను. సహాయమునకై ఫోను చేసినపుడు ఇట్టి చిక్కు మఱి ఎవ్వరికిని లేదని తమకు చెప్పిరని పలువురు తరువాత సాక్ష్యమిచ్చిరి. కొందఱు బంధువులయొద్ద అప్పు తెచ్చి కట్టిరి. మఱికొందఱు ఇల్లు తాకట్టు పెట్టిరి. లెక్కను ఒప్పుకొన్నట్లు చూపనిదే తరువాతి కాలపు వ్యవహారము తెఱువ వీలులేనందున, లోటుగల లెక్కపైననే సరియని సమ్మతి తెలిపినవారును కలరు. అట్టివారిపై దొంగలెక్కలు వ్రాసిరను నేరము మోపబడెను.

1999 మొదలు 2015 వఱకు 900 మందికి పైగా నేరస్థులని తీర్పులు పొందిరి. వారిలో సుమారు 700 మందిపై తపాలా సంస్థయే స్వయముగా అభియోగము నడిపెను. ఆ దేశపు చట్టము అట్టి అవకాశమునిచ్చును. కొందఱు చెఱసాలకు పోయిరి. ఊరివారు వారిని దొంగలని వెలివేసిరి.

వేల్సులోని ఒక సముద్రతీరపు ఊరిలో ఇట్టి కార్యాలయము నడిపిన అలన్ బేట్సు అను నాతడు లోటు సొమ్ము కట్టుటకు ఒప్పుకొనలేదు. 2003లో సంస్థ అతని ఒడంబడికను రద్దుచేసెను. అతడు తనవంటి వారిని వెదకి, 2009లో వారందఱిని ఒక సంఘముగా కూర్చెను. 555 మంది కలసి వేసిన వ్యాజ్యములో 2019లో హైకోర్టు న్యాయమూర్తి ఫ్రేజరు తీర్పు చెప్పెను. హొరైజన్‌లోని లోపములవలన లేని లోటులు ఉన్నట్లు కనబడినవనియు, ఫ్యుజిట్సువారు దూరమునుండియే కార్యాలయముల లెక్కలను మార్చగలిగియుండిరనియు ఆ తీర్పువలన తేలెను. 2019 డిసెంబరులో సంస్థ 5 కోట్ల 77 లక్షల 50 వేల పౌనులిచ్చుటకు రాజీపడెను. కాని అందు అధికభాగము వ్యాజ్యపు ఖర్చులకును, ఖర్చులకై ధనము పెట్టినవారికిని పోగా, వాదులకు మిగిలినది సుమారు 1 కోటి 20 లక్షలు మాత్రమే. 2021 ఏప్రిలులో అప్పీలు కోర్టు 39 మంది నేరనిర్ణయములను ఒక్కసారిగా కొట్టివేసెను.

2. కోర్టునకును విచారణకును గల భేదము

వ్యాజ్యము గెలిచినను ఒక ప్రశ్న మిగిలిపోయెను. ఇన్ని సంవత్సరములు ఇది ఎట్లు సాగినది? ఎవరికి ఎపుడు ఏమి తెలియును? తెలిసినవారు ఏల ఊరకుండిరి? కోర్టు తన యెదుటనున్న ఉభయపక్షముల తగవును మాత్రము తీర్చును. రాజీ కుదిరినచో ఆ తగవు అచ్చటితో ముగియును. జరిగినదంతయు ప్రజలయెదుట తేటపఱచుట, మరల జరుగకుండ మార్గము చూపుట బహిరంగ విచారణ పని.

ఈ విచారణ 2020 సెప్టెంబరులో ప్రభుత్వముచే ఏర్పడెను. విశ్రాంత న్యాయమూర్తి సర్ విన్ విలియమ్స్ దీనికి అధ్యక్షుడు. మొదట దానికి సాక్షులను బలవంతముగా పిలిపించు అధికారము లేదు. బాధితులు ఇందువలన ప్రయోజనము లేదని ఆక్షేపించిరి. 2021 జూన్ 1వ తేదీన దానిని 2005వ సంవత్సరపు విచారణల చట్టము క్రిందికి మార్చిరి. ఈ మార్పుతో సాక్షులను రప్పించుటకును, ప్రమాణము చేయించుటకును, కాగితములు తెప్పించుటకును అధ్యక్షునికి అధికారము కలిగెను.

ఆ చట్టపు 2వ సెక్షను ముఖ్యమైనది. విచారణ అధ్యక్షుడు ఎవనిని గాని నేరస్థుడనియు, నష్టపరిహారమునకు బాధ్యుడనియు నిర్ణయింపరాదు. అనగా ఇది శిక్షించు స్థలము కాదు, తెలిసికొను స్థలము. అయినను, తాను తెలిసికొన్న సంగతులను వ్రాయుటలో బాధ్యత ఎవరిదో చదువరులకు స్పష్టమగునను భయమున అధ్యక్షుడు వెనుదీయనక్కఱలేదని ఆ సెక్షనే చెప్పుచున్నది.

3. విచారణ సొలిసిటరు

ఇంగ్లండులో న్యాయవాదులు రెండు తెగలు. కోర్టులో లేచి వాదించుటయందు నేర్పుగలవారు బారిస్టర్లు. కక్షిదారునితో మాటలాడి, కాగితములు సమకూర్చి, వాఙ్మూలములు సిద్ధపఱచి, వ్యవహారమును నడుపువారు సొలిసిటర్లు. పొలమున పంట కోసినవాడు అందఱికంట పడును. దుక్కి దున్ని విత్తనము వేసినవాని పని భూమిలో నుండును. సొలిసిటరు పని అట్టిది.

విచారణకు సొంత సొలిసిటరు ఉండును. అతడు ఏ పక్షమువాడును కాడు; అధ్యక్షునికి సహాయకుడు. అతని పని ఈ క్రమమున సాగును.

మొదటిది, విచారణాంశముల పట్టిక. ప్రభుత్వము నిర్ణయించిన పరిధిని బట్టి, ఏ ప్రశ్నలకు జవాబు కావలెనో వరుసగా వ్రాయుట. ఈ పట్టిక సరిగా లేనిచో తక్కిన పనియంతయు గట్టులేని పొలమునకు నీరు పెట్టినట్లగును.

రెండవది, కాగితములు తెప్పించుట. 2006వ సంవత్సరపు నిబంధనలలో 9వ నిబంధన ప్రకారము సంబంధించినవారికి వ్రాతమూలకముగా కోరిక పంపుదురు. ఇయ్యని యెడల చట్టపు 21వ సెక్షను క్రింద అధ్యక్షుడు నోటీసు ఇయ్యగలడు. తగిన కారణము లేక దానిని ఉల్లంఘించుట నేరము. కాగితమును మార్చుట, దాచుట కూడ నేరమే.

మూడవది, చదువుట. వచ్చిన ప్రతి కాగితమునకును ఒక సంఖ్య వేసి, తేదీ వరుసను పెట్టి, ఏ ప్రశ్నకు ఏది పనికివచ్చునో గుర్తించవలెను. ప్రజలకు చూపుటకు ముందు ఇండ్ల చిరునామాలు మున్నగు స్వవిషయములను కప్పివేయవలెను. ఈ పని నెలలకొలది సాగును. దీనికి ఓపికయే పెట్టుబడి.

నాల్గవది, వాఙ్మూలము. సాక్షికి ప్రశ్నలు పంపి, అతడు చెప్పినదానిని పేరాలుగా విభజించి వ్రాయించి, నిజమని సంతకము చేయింతురు.

అయిదవది, సభ నడచు దినములలో బారిస్టరునకు తోడ్పడుట. ఈ విచారణలో సాక్షులను ప్రశ్నించిన బారిస్టర్లలో ముఖ్యుడు జేసన్ బీర్. ప్రశ్నకు సరియైన కాగితము సరియైన క్షణమున తెరమీదికి వచ్చుటకు వెనుక ఈ సిబ్బంది శ్రమయే కారణము. సాక్షి 'నాకు జ్ఞాపకము లేదు' అనినపుడు, అతడే వ్రాసిన ఉత్తరమును ఎదుట పెట్టినచో సభయంతయు నిశ్శబ్దమగును.

ఆఱవది, హెచ్చరిక లేఖలు. ఎవనినైనను నివేదికలో విమర్శింపదలచినచో, అతనికి ముందుగా తెలిపి జవాబు చెప్పుకొను అవకాశమియ్యవలెను. జవాబు వినకుండ దొంగయనుటయే ఈ ఉదంతములోని మూలదోషము గదా. విచారణయే ఆ దోషమును చేయరాదు.

4. బాధితుల సొలిసిటరు

వ్యవహారముతో దగ్గఱి సంబంధము గలవారిని అధ్యక్షుడు ముఖ్య భాగస్వాములుగా గుర్తించును. వారికి కాగితములు ముందుగా చూచు హక్కు, న్యాయవాదిని పెట్టుకొను హక్కు కలవు. ఒకే విధమైన ప్రయోజనము గల పలువురు ఒకే న్యాయవాదిని పెట్టుకొనవలసినదిగా అధ్యక్షుడు చెప్పవచ్చును. ఇది సహకార సూత్రమే. పేదవాని న్యాయవాది ఖర్చును విచారణ నిధినుండి ఇచ్చుటకును 40వ సెక్షను వీలు కల్పించుచున్నది.

ఈ సొలిసిటరుకు మొదటి పని వినుట. ఇరువది ఏండ్లు దొంగయనిపించుకొన్న మనుష్యునికి న్యాయవాది గదిలో మాట పెగలదు. ఎవరును నమ్మరను భయము లోపల నాటుకొనియుండును. తేదీలు తాఱుమాఱగును. అట్టివాని యింట పాతపెట్టెలో మడచి పెట్టిన రసీదులు, ఉత్తరములు, ఫోను బిల్లులు మెల్లగా వెలికి తీయించవలెను. ఫోను బిల్లుపై సహాయకేంద్రపు సంఖ్య ఫలాని తేదీన ఉన్నచో, అతడు ఆనాడే మొఱపెట్టుకొన్నాడనుటకు అదియే సాక్షి.

రెండవ పని తన మాట కలుపకుండుట. బాధ పెద్దదని తోచినకొలది వ్రాయువానికి అలంకారము చేయబుద్ధియగును. అది సాక్షికి అపకారము. దీనికి మన దేశముననే గొప్ప నిదర్శనము కలదు. 1917లో చంపారనులో నీలిమందు తోటల రైతుల బాధలను తెలిసికొనుటకు పోయిన గాంధీగారు బీహారు వకీళ్లచేత వేలకొలది రైతుల వాఙ్మూలములు వ్రాయించిరి. ప్రతి రైతును గట్టిగా ప్రశ్నించి, పరీక్షకు నిలువని మాటను వదలిపెట్టుడని ఆయన నియమము. ప్రభుత్వపు రహస్య పోలీసు అధికారి ప్రక్కనే కూర్చున్నను అభ్యంతరము చెప్పలేదు. అందువలననే ఆ సాక్ష్యము నిలిచినది. పిమ్మట ప్రభుత్వము విచారణ సంఘమును వేయగా గాంధీగారు అందు సభ్యులైరి. 1918లో రైతులకు ఊఱట కలిగించు చట్టము వచ్చెను.

తపాలా విచారణలో 2022 ఫిబ్రవరినుండి బాధితుల సాక్ష్యమును ముందుగా వినిరి. పెద్ద ఉద్యోగులను పిలుచుటకు ముందే వీరిని పిలుచుట మంచి ఏర్పాటు. లెక్కల వెనుక మనుష్యులున్నారని విచారణ మొదటనే అందఱికిని తెలిసెను.

5. సంస్థ పక్షపు సొలిసిటరు

నేరము మోపబడిన సంస్థకు గూడ న్యాయవాది ఉండవలసినదే. కాని అతని ధర్మము మిక్కిలి కఠినము. తన కక్షిదారుని పక్షమున మాటలాడవలెను. అయినను నిజమును దాచరాదు.

2023 జూలైలో ఒక ముఖ్యసాక్షిని విచారింపవలసి యుండగా, తపాలా సంస్థనుండి వేలకొలది కాగితములు ఆలస్యముగా చేరుటచే ఆ సాక్ష్యము వాయిదాపడెను. అప్పటినుండి అధ్యక్షుడు గట్టి నోటీసులతో కాగితములు కోరవలసివచ్చెను. బుద్ధిపూర్వకముగా దాచకున్నను, వెదకుటలోని అశ్రద్ధ దాచుటతో సమానమైన నష్టమును కలిగించును.

మఱియొక సంగతి. 2013 జూలైలో ఒక బారిస్టరు తపాలా సంస్థకు ఒక అభిప్రాయము వ్రాసియిచ్చెను. అనేక వ్యాజ్యములలో హొరైజన్ మంచిదని సాక్ష్యమిచ్చిన నిపుణుడు తనకు తెలిసిన లోపములను కోర్టుకు చెప్పలేదనియు, ఇకమీదట అతనిని సాక్షిగా నమ్మరాదనియు దాని సారాంశము. ఆ కాగితము శిక్షపడినవారి న్యాయవాదుల చేతికి వచ్చినది 2020లో. నడుమ 7 సంవత్సరములు గడచెను. ఆ 7 సంవత్సరములు ఎందఱో నేరస్థులను పేరుతో బ్రదికిరి. ఒక్క కాగితము విలువ ఎంతయో దీనివలన తెలిసికొనవచ్చును.

న్యాయవాదికిని కక్షిదారునికిని నడుమ జరిగిన సలహాలు సాధారణముగా రహస్యములు. ఈ విచారణ నిమిత్తము తపాలా సంస్థ ఆ హక్కును వదలుకొనెను. అందువలన సంస్థకు పనిచేసిన న్యాయవాదులే సాక్షుల పీఠమెక్కి, ఏ సలహా ఎపుడిచ్చిరో, ఏది ఏల చెప్పలేదో జవాబు చెప్పుకొనవలసివచ్చెను. న్యాయవాది విద్య నేర్చువారందఱును చదువవలసిన ఘట్టమిది.

6. ఫలితము, పరిమితులు

సభలు 2024 డిసెంబరు వఱకు నడచినవి. అదే సంవత్సరము మే నెలలో పార్లమెంటు ఒక ప్రత్యేక చట్టముచే ఇట్టి నేరనిర్ణయములను రద్దుచేసెను. నివేదికలో మొదటి సంపుటము 2025 జూలై 8వ తేదీన వెలువడెను. ఈ లెక్కల కారణమున కనీసము 13 మంది ఆత్మహత్య చేసికొనియుండవచ్చుననియు, సుమారు 10,000 మంది పరిహారమునకు అర్హులుగా నున్నారనియు అందు వ్రాయబడినది.

విచారణకు పరిమితులును కలవు. కాలము చాల పట్టును. ఈలోగా కొందఱు బాధితులు న్యాయము చూడకయే మరణించిరి. ఖర్చు అధికము. నివేదిక సలహా చెప్పును. అమలు జరుపవలసినది ప్రభుత్వము. అయినను, ఊరివారు దొంగయన్నవానిని దేశమంతయు నిర్దోషియని తెలిసికొనుటకు ఇట్టి బహిరంగ స్థలము తప్ప వేఱు మార్గము లేదు.

7. మన చట్టములు

మన దేశమున విచారణ సంఘముల చట్టము 1952లో వచ్చెను. విచారణవలన ఎవని కీర్తికి భంగము కలుగునో అతనికి తన మాట చెప్పుకొను అవకాశమియ్యవలెనని 8బి సెక్షను చెప్పుచున్నది. సాక్షులను ఎదురు ప్రశ్నించుటకును, న్యాయవాదిని పెట్టుకొనుటకును 8సి సెక్షను హక్కునిచ్చుచున్నది. సహకార సంఘముల విషయమున 1964వ సంవత్సరపు చట్టములోని 51వ సెక్షను ప్రకారము సంఘపు నిర్వహణమును, ఆర్థికస్థితిని రిజిస్ట్రారు విచారణ చేయింపవచ్చును. 60వ సెక్షను ప్రకారము సంఘమునకు నష్టము కలిగించినవారినుండి సొమ్ము రాబట్టవచ్చును. ఈ సెక్షను క్రింద నోటీసు అందుకొన్న కార్యదర్శికి తన కాగితములే రక్ష.

కంప్యూటరు లెక్క సాక్ష్యమును గూర్చి కూడ తెలిసికొనవలెను. ఇంగ్లండులో 1984వ సంవత్సరపు చట్టము ప్రకారము యంత్రము సరిగా పనిచేయుచుండెనని చూపినగాని దాని లెక్క సాక్ష్యముగా చెల్లెడిది కాదు. 1999లో చేసిన చట్టము ఆ నియమమును తొలగించెను. హొరైజన్ వచ్చినదియు అప్పుడే. మన దేశమున 2024 జూలై 1వ తేదీన అమలులోనికి వచ్చిన భారతీయ సాక్ష్య చట్టము 63వ సెక్షను ప్రకారము కంప్యూటరు కాగితమునకు ధ్రువపత్రము జతచేయవలెను. ఆ పత్రము ఉన్నదా యని అడుగుట మన హక్కు.

8. సంఘములు ఆచరింపవలసినవి

రోజు ముగియగానే రొక్కమును ఇద్దఱు లెక్కించి, చేతివ్రాత పుస్తకమున సంతకములు చేయవలెను. యంత్రపు లెక్కలో తేడా వచ్చినచో, అదే దినమున తేదీ వేసి వ్రాతమూలకముగా పై కార్యాలయమునకు తెలిపి, నకలు ఉంచుకొనవలెను. నోటిమాటగాను, ఫోనులోను చెప్పి ఊరకుండరాదు. తేడా తెలియనంతవఱకు లెక్క సరియని సంతకము చేయరాదు. చేయక తప్పనిచో అభ్యంతరమును ప్రక్కనే వ్రాయవలెను. ప్రతి వ్యవహారపు వివరమును యంత్రమునుండి అచ్చువేయించి అడుగవలెను. ప్రక్క సంఘములలో ఇట్టి తేడాలున్నవా యని విచారింపవలెను. కార్యదర్శిని అనుమానించుటకు ముందు పాలకవర్గము అతని జవాబు వినవలెను. నిజముగా అపహరణము జరిగినచో ఈ కాగితములే దానిని కూడ పట్టియిచ్చును.

ఇంగ్లండు సబ్ పోస్టుమాస్టర్లకు కలిగిన నష్టములలో పెద్దది ఒంటరితనము. ఎవని కార్యాలయమున వాడు, ఈ లోటు తనకొక్కనికే వచ్చినదని నమ్మి కుమిలిపోయెను. ఒకరి కాగితము ప్రక్కన మఱియొకరి కాగితము పెట్టిననాడు నిజము బయటపడెను. సొలిసిటర్లు చేసిన పని ముఖ్యముగా ఇదియే. దీనికి న్యాయశాస్త్రము కంటె ముందుగా కావలసినది కలసి కూర్చుండుట. ఆ విద్య సహకారులమగు మనకు క్రొత్తది కాదు.

సంఘ సమావేశమున చర్చించుటకు ప్రశ్నలు

1. వ్యాజ్యము గెలిచిన తరువాత కూడ బహిరంగ విచారణ ఏల అవసరమయ్యెను?

2. విచారణ సొలిసిటరుకును, బాధితుల సొలిసిటరుకును గల భేదమెట్టిది?

3. విమర్శింపదలచినవానికి ముందుగా హెచ్చరిక లేఖ పంపుటవలన లాభమేమి?

4. మన సంఘమున నిన్నటి రొక్కపు నిలువను చేతివ్రాత పుస్తకమున ఎవరు సరిచూచిరి? సంతకములున్నవా?

5. యంత్రపు లెక్కలో 5,000 రూపాయల లోటు కనబడినచో, ఆనాడే మన కార్యదర్శి ఏ కాగితములు వ్రాసి ఎవరికి పంపవలెను? పాలకవర్గము అతనిని ఏమని అడుగవలెను?